అందరూ శ్రీహరిదంటున్న నా గొడుగు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగేది ఎప్పుడూ ఒకటే. "సార్, గా శ్రీహరి సార్ గొడుగు లెక్క మాక్కూడ జర చెప్పరాదుండ్రి?"

చెబుతాను. కానీ ముందే ఒక మాట. ఆ గొడుగు శ్రీహరిది కాదు, నాది. మాటవరసకు అనడం లేదు. అది నేను కొన్న నల్ల గొడుగు. ఒక ఊచ ఊడిపోతే మా ఆవిడ సుగుణ ఎర్రదారంతో కట్టింది. దాన్ని పట్టుకుని చెప్పే లెక్క కూడా నా బుర్రలో పుట్టిందే. రెండూ ఏళ్ల తరబడి శ్రీహరి దగ్గర ఉండిపోయాయి.

నా పేరు రాజేశం. పడవలకు చేపలు చూపించే యంత్రాలు, లోతు కొలిచే యంత్రాలు బిగించే ఒక చిన్న దుకాణంలో చేరాను. కరీంనగర్‌లోని ఆ దుకాణంలోనే రిటైరయ్యాను. శ్రీహరి, నేను ఒకే రోజు చేరాం. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే జీతం, పక్కపక్క కుర్చీలు. మా ఇద్దరిలో ఎవరు మంచి పనివాడని మానేరు నుంచి కడెం దాకా ఏ జాలరిని అడిగినా శ్రీహరి పేరే చెబుతాడు. విన్న ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. రిటైరయ్యాక తగ్గుతుందనుకున్నాను. తీరిక దొరికేసరికి ఇంకా ఎక్కువైంది. ఈ వయసులో దాచుకుని చేసేదేమీ లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇన్నేళ్లూ నేను కోరుకున్నది ఒక్కటే. ఆ గొడుగు రాజేశందని నలుగురి ముందు ఒక్కసారి ఎవరైనా చెప్పాలి. అంతే.

తెర చూసి కొనకండి

యంత్రం కొనడానికి వచ్చినవాళ్లు ముందు తెర చూస్తారు. పెద్దదా, రంగులదా, ఎండలో కనపడుతుందా అని అడుగుతారు. మా జాలరులు దానికి 'చేపల టీవీ' అని పేరు పెట్టుకున్నారు. టీవీ అన్నాక తెరే చూస్తారు మరి. అసలు పని చేసేది మాత్రం పడవ అడుగున నీళ్లలో మునిగి ఉండే చిన్న ముక్క. దాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. అది కిందికి శబ్దం పంపిస్తుంది. ఆ శబ్దం మన చెవికి వినపడదు. చేపకో నేలకో తగిలి తిరిగి వస్తుంది. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసుకుని యంత్రం లోతు లెక్క కడుతుంది.

ఆ శబ్దం తాడు వదిలినట్టు నిటారుగా దిగదు. దిగే కొద్దీ చుట్టూ విచ్చుకుంటుంది. బడిలో లెక్కల పుస్తకంలో చూసిన శంకువు గుర్తుందా, ఆ ఆకారం. ఎంత విచ్చుకుంటుందన్నదే శంకువు కోణం. కొన్ని ముక్కలు ఇరుకుగా విచ్చుకుంటాయి, కొన్ని వెడల్పుగా. పది అడుగుల నీళ్లలో ఇరవై డిగ్రీల ముక్క అడుగున మూడున్నర అడుగుల వెడల్పు చూస్తుంది. అరవై డిగ్రీల ముక్క పదకొండు అడుగుల పైనే చూస్తుంది. లోతు పెరిగితే ఆ వెడల్పూ అదే లెక్కన పెరుగుతుంది.

అట్లయితే ఎప్పుడూ వెడల్పుదే కొంటే పోలేదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగినవాడినే. శబ్దం ఎంత వెడల్పుగా చెదిరితే అంత బలం తగ్గుతుంది. లోతుకు పోయేసరికి నీరసపడుతుంది. పక్కపక్కన ఉన్న రెండు చేపలు ఒకే మచ్చగా కలిసిపోతాయి. ఇంకో పెద్ద చిక్కు కూడా ఉంది. అది బెల్లంపల్లి దగ్గర చెబుతాను, ఎందుకంటే శ్రీహరి బోల్తా పడింది అక్కడే. ఆ ముచ్చట చెప్పడానికి నాకు తొందరగానే ఉంది కానీ వరసగా పోవాలి.

మానేరులో మా యంత్రం ఒక్కపొద్దు

ముందు నేను బోల్తా పడిన సంగతి. మానేరు డ్యాం నీళ్లు వెనక్కి పరుచుకున్న చోట ఒక మత్స్యకార సంఘం ఉండేది. దాని పెద్ద పోశం. పెద్ద మీసాలు, నోటి నిండా ఎగతాళి. వాళ్ల పడవకు మొదటి చేపల టీవీ నేనే బిగించాను, శ్రీహరి సాయానికి వచ్చాడు. ఇరుకు కోణం ముక్క పెట్టాను. లోతు కచ్చితంగా చూపిస్తుందని చదువుకున్నాను కదా, కచ్చితమైనదే మంచిదనుకున్నాను.

అక్కడ నీళ్లు రెండు నిలువులు దాటవు. తెర మీద నేల గీత చక్కగా వచ్చింది. చేప మాత్రం ఒక్కటీ రాలేదు. పక్కనే వల లాగితే బొచ్చెలు, రవ్వులు ఎగిరి పడుతున్నాయి.

పోశం తెర ముందు వంగి చూశాడు. "రాజేశం సారూ, మా వల నిండ చేపలే. మీ డబ్బల ఒక్కటి లేదు. దీనికియ్యాల ఒక్కపొద్దా ఏంది?"

పడవలో ఉన్న వాళ్లందరూ పడీపడీ నవ్వారు. శ్రీహరి కూడా నవ్వాడు. నవ్వి, ఊరుకోకుండా, "రాజన్నా, ఇంకోటి ఉన్నది గద సంచిల, గది పెట్టి సూద్దామా?" అని వెడల్పు ముక్క తీసి బిగించాడు. తెర మీద చేపలు గుంపులు గుంపులుగా కనిపించాయి. పోశం అతని వీపు మీద చరిచి, "గిదీ యంత్రమంటే!" అన్నాడు.

ఎందుకు పనిచేసిందో శ్రీహరికి తెలియదు. తిరుగు దారిలో అడిగాను. "పనిజేసింది గద అన్నా, ఇంక ఫికరెందుకు?" అన్నాడు. ఆ రోజు నుంచి పోశం మనుషులు కొండగట్టు అంజన్న గుడికి పోయి వచ్చినప్పుడల్లా దుకాణానికి ప్రసాదం తెచ్చేవాళ్లు. శ్రీహరికి కొబ్బరి చిప్ప, నాకు చిటికెడు కుంకుమ. అంజన్న దగ్గర కూడా నేను అతని వెనకే.

ఇంకో మాట, మరిచిపోక ముందే. తెర మీద చేప విల్లులా వంగి కనపడుతుంది. ఆ వంకర ఎంత పొడుగుంటే చేప అంత పెద్దదని జాలరులు గొప్పలు పోతారు. నమ్మకండి. చేప మీ శంకువులో ఎంతసేపు ఉంటే వంకర అంత పొడుగు. పడవ కదలకుండా ఉంటే పిల్ల చేప కూడా తెర మొత్తం పాకుతుంది.

వానలో పుట్టిన లెక్క

ఆ అవమానం నన్ను నిద్రపోనివ్వలేదు. ఇరుకుది ఎందుకు ఓడిపోయిందో, వెడల్పుది ఎందుకు గెలిచిందో తెలుసుకోవాలని కొట్టుకున్నాను. చొప్పదండి దారిలో ఒక చాయ్ హోటల్ ముందు శ్రీహరి, నేను బస్సు కోసం నిలబడ్డప్పుడు వాన పడింది. గొడుగు తెరిచాను. ఇద్దరం ఇరుక్కుని నిలబడ్డాం. శ్రీహరి భుజం తడుస్తోంది. నేను చేతిలో గొడుగు వంక చూస్తూ ఉండిపోయాను.

"శ్రీహరీ, గిదే గద శంకువు!" అన్నాను. "గొడుగు మొన కాడ మన ముక్క. అంచు కాడ నేల. సగం మూస్తే ఇరుకు కోణం, మొత్తం తెరిస్తే వెడల్పు కోణం. నీళ్లు తక్కువుంటే గొడుగు చిన్నదయితది. చిన్న గొడుగును సగం మూస్తె దాని కింద ఎవలు పడ్తరు? అందుకే మానేరుల మనకు ఒక్క చేప పడలే."

శ్రీహరి నోరు తెరుచుకుని విన్నాడు. ఇంకా చెప్పాను. యంత్రానికి పక్కలు తెలియవని, గొడుగు కింద ఎవరు ఏ మూల నిలబడినా తెర మీద కర్ర పక్కనే ఉన్నట్టు గీస్తుందని చెప్పాను. జీవితంలో నేను చెప్పిన అన్నిటికన్నా మంచి మాట అది. విన్నది చాయ్ హోటల్ అతను, శ్రీహరి. అంతే.

బస్సు వచ్చింది. శ్రీహరి ఇల్లు స్టాండుకు దూరం. "జర గొడుగియ్యవా రాజన్నా, రేపు తెస్త" అన్నాడు. ఇచ్చాను.

తరవాతి వారం పోశం సంఘం మీటింగుకు నేను కాస్త ఆలస్యంగా పోయాను. శ్రీహరి మధ్యలో నిలబడి నా గొడుగు సగం మూసి, మొత్తం తెరిచి చూపిస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లార్పకుండా వింటున్నారు. నేను చెప్పిన మాటలే, కానీ అతని నోట్లో అవి పాటలా ఉన్నాయి. ఒకతన్ని పిలిచి గొడుగు కింద నిలబెట్టి, "గీయన చేప" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ చేప సంగతి నాకు తట్టలేదు, నిజం చెప్పాలి. ఆ రోజుకే అది శ్రీహరి గొడుగు అయిపోయింది. 'మా రాజన్న చెప్పిండు' అని ఒక్క ముక్క అనలేదు. మరిచిపోయాడేమో! పేరు సంగతీ, గొడుగు సంగతీ నేను తరవాత అడగలేదు. అడిగితే ఏడుస్తున్నాననుకుంటాడు.

మా యజమాని వెంకటయ్య సారుతో చెప్పుకున్నాను. ఆయన రేడియోలు బాగుచేసే పని నుంచి పైకి వచ్చిన మనిషి. అందరినీ గొంతుతోనే కొలుస్తాడు. "రాజేశం, నువ్వు యంత్రం జూసుకో. మనుషులను శ్రీహరి జూసుకుంటడు" అన్నాడు. అది మెప్పో తిట్టో నాకు ఇప్పటికీ తేలలేదు. ఒకటి మాత్రం కొత్తవాళ్లకు చెబుతాను. మీ పై అధికారి మిమ్మల్ని ఇట్లా రెండుగా పంచి పెడితే వెంటనే ఒప్పుకోకండి. మీ సగం చిన్నదవుతుంది.

బెల్లంపల్లి గుంత

ఇప్పుడు శ్రీహరి సంగతి. బెల్లంపల్లి పక్కన మూసేసిన ఓపెన్ కాస్టు బొగ్గుగని గుంత ఒకటి నీళ్లతో నిండిపోయింది. గనిలో పని పోయిన కుటుంబాలు కొన్ని కలిసి అందులో వల పంజరాలు తేలగట్టి చేపలు పెంచాలని సంఘం కట్టుకున్నాయి. ఆ సంఘానికి పెద్ద కమలక్క. ఆమె భర్త ఆ గుంతలోనే డంపర్ లారీ నడిపినవాడు. గని మూతపడ్డాక వాళ్లకు మిగిలిన ఆశ ఆ పంజరాలే. ఆ మాట మా దుకాణంలో అందరికీ తెలుసు.

లోతు చూడడానికి వెంకటయ్య సారు శ్రీహరిని పంపించాడు. శ్రీహరి వెడల్పు ముక్క పట్టుకుపోయాడు. మానేరులో గెలిపించింది కదా, ఇక ఎక్కడైనా గెలిపిస్తుందనుకున్నాడు. అతను చెప్పిన లోతును బట్టి లంగరు తాళ్లు కోసి పంజరాలు నిలబెట్టారు.

గాలి దుమారం వచ్చిన రోజు ఒక పంజరం కొట్టుకుపోయి గుంత గోడకు రాసుకుంది. రాళ్లకు వల చిరిగింది. తిలాపియా చేపలు సగానికి పైగా బయటికి పోయాయి. కమలక్క దుకాణానికి ఫోన్ చేసింది. "మీరు చెప్పిన తాడే గద సారూ కట్టినం. లంగరెందుకు ఆగలే?"

ఇద్దరం పోయాం. నేను ఇరుకు ముక్క, రాయి కట్టిన పొడుగు తాడు తీసుకుపోయాను. నీళ్లలోకి దించగానే తెలిసిపోయింది. ఓపెన్ కాస్టు గుంత గోడ నిటారుగా ఉండదు, మెట్లు మెట్లుగా కోస్తారు. పంజరాలు ఆ మెట్లకు దగ్గరగా ఉన్నాయి. పూర్తిగా తెరిచిన గొడుగు కిందికి దిగుతుంటే దాని అంచు ముందుగా మెట్టుకు తగులుతుంది. యంత్రం ఏ శబ్దం ముందు తిరిగి వస్తే అదే నేల అనుకుంటుంది. కాబట్టి మెట్టును చూపించి నేల అన్నది. అసలు నేల ఇంకా ఎంతో కిందికి ఉంది. లంగర్లు అడుగుకు ఆనకుండా వేలాడుతూ ఉండిపోయాయి. తేలడానికి పంజరానికి కట్టిన డ్రమ్ములు ఆ బరువును మోయడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. తక్కువ లోతు, పరుచుకున్న నీళ్లు, చేపలు చూడాలి అంటే వెడల్పు కోణం. ఎక్కువ లోతు, పక్కన గోడలు గానీ వాలు గానీ ఉండి, లోతు కచ్చితంగా కావాలి అంటే ఇరుకు కోణం. ఇప్పుడు రెండు కోణాలూ ఉన్న ముక్కలు దొరుకుతున్నాయి. ఉన్నా సరే, ఏది ఎప్పుడు మార్చాలో మీకే తెలియాలి. అనుమానం వస్తే రాయి కట్టిన తాడు దించండి.

ఆ రోజు నా లెక్క నూటికి నూరుపాళ్లు సరైంది. శ్రీహరి లెక్క పూర్తిగా తప్పింది. లోపల నాకెంత సంబరమైందో చెప్పలేను. బస్సులో పోయేటప్పుడే వాళ్లు అతన్ని ఎట్లా తిడతారో, నన్ను ఎట్లా పొగుడుతారో ఊహించుకున్నాను.

శ్రీహరి కమలక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాదే తప్పక్కా. తాళ్లు నేనే తప్పు జెప్పిన" అన్నాడు. చెప్పి, ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగాడు. చిరిగిన వల లాగాడు. వాళ్లతో పాటు కూర్చుని వల అల్లాడు, అల్లడం రాకపోయినా. వాళ్లు పెట్టిన జొన్నరొట్టె తిన్నాడు. వాళ్ల పాత గని ముచ్చట్లన్నీ విన్నాడు. పని అయ్యేదాకా అక్కడే ఉండిపోయాడు. నేను గుంత మొత్తం తిరిగి లోతులు కొలిచి, ఎక్కడ ఏ పంజరం ఉండాలో, ఎంత తాడు కావాలో గీసి ఇచ్చి సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

నా గీత ప్రకారమే పంజరాలు నిలబడ్డాయి. ఇప్పటికీ కదలలేదు. మొదటి పంట తీసినప్పుడు కమలక్క శ్రీహరిని పిలిచింది. అతను నాకు కవర్లో చేపలు తెచ్చి ఇచ్చాడు. "నన్నేమన్నది?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "గా ఇంకో సారు గూడ వచ్చిండు గద, పేరేందో యాదికొస్తలే అన్నది" అని చెప్పాడు, ఉన్నదున్నట్టు. అతనికి అబద్ధమాడడం కూడా రాదు. చేపలు చాలా రుచిగా ఉన్నాయి. దానికి కూడా నాకు ఒళ్లు మండింది.

మంచిర్యాల క్లాసు

మొన్న మంచిర్యాలలో పంజరాల పెంపకం నేర్చుకునే పిల్లలకు క్లాసు పెట్టారు. ట్రాన్స్‌డ్యూసర్ ఎట్లా ఎంచుకోవాలో చెప్పడానికి శ్రీహరిని పిలిచారు. "రాజన్నా, నువ్వు గూడ రా. నువ్వు లేకుంటె నాకు మంచిగ చెప్పొస్తలేదు" అన్నాడు. పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. అతని జుట్టు ఇంకా నల్లగానే ఉంది. రంగు వేస్తాడేమోనని దగ్గరి నుంచి చూశాను. వేయడు.

శ్రీహరి సంచిలోంచి గొడుగు తీశాడు. తెరవగానే ఊచ మీద సుగుణ కట్టిన ఎర్రదారం కనపడింది. కొంచెం వెలిసిపోయింది, ముడి మాత్రం అట్లాగే ఉంది. లెక్కంతా చెప్పాడు, బాగా చెప్పాడు. ఒక అమ్మాయిని కింద నిలబెట్టి చేప అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒక్కటే ఆలోచన. ఇప్పుడైనా అంటాడా?

అన్నాడు.

"గీ గొడుగు నాది గాదు పిల్లలూ. గీ లెక్క గూడ నాది గాదు. రెండు గూడ మా రాజన్నయి. అగో, ఎనక గూసున్నడు సూడుండ్రి. ఎన్నడో వానల చొప్పదండి తొవ్వల నాకు జెప్పిండు. నేను మర్సి, నా పేరు మీదనే నడిపిచ్చుకున్న. ఇయ్యాల నలుగుట్ల తిరిగిచ్చేస్తున్న."

 ఇన్నేళ్లు కోరుకున్న మాట ఇదే, నలుగురి ముందు, నేను బతికుండగానే. లేచి నిలబడ్డాను. చప్పట్లు మోగాయి. నవ్వుతూ ముందుకు నడుస్తూ సగం దూరం పోయాక గమనించాను. చప్పట్లు కొట్టేవాళ్లెవరూ నావైపు తిరిగి లేరు.

"ఎంత పెద్ద మనసు సార్ మీది!" అన్నాడు ముందు వరసలో కుర్రవాడు, శ్రీహరితో. "గీ కాలంల ఇంకొకల పేరు ఎవలు జెప్తరు సార్?" అన్నది ఇందాకటి అమ్మాయి. ఆమె కళ్లు చెమర్చాయి కూడా. శ్రీహరి సిగ్గుపడి తల దించుకున్నాడు. దాంతో చప్పట్లు ఇంకా పెరిగాయి. కావాలని చేశాడా అంటే చేయలేదు. కావాలని చేసి ఉంటే హాయిగా తిట్టుకునేవాడిని.

గొడుగు అప్పగిస్తున్నట్టు ఫోటో తీశారు. తెరిచిన గొడుగు శ్రీహరి నా చేతికి ఇస్తున్నాడు. ఇంటికి వచ్చేసరికి ఆ ఫోటో సుగుణ ఫోన్‌కు కూడా వచ్చేసింది. ఆమె కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"శ్రీహరన్న ఫోటోల మంచిగ పడ్డడు. నువ్వేడున్నవ్? కనబడ్తలేవు."

చూపించాను. గొడుగు అంచు పట్టుకున్న నా నాలుగు వేళ్లు. ముఖం గొడుగు వెనక ఉంది.

సుగుణ నవ్వు ఆపుకుంది. "అయితేంది? నలుగుట్ల జెప్పిండు గద గొడుగు నీదేనని. గదే గద నువ్వడిగింది?"

"జెప్పిండు" అన్నాను. "గదీ గూడ శ్రీహరే జెప్పిండు."

ఆమె ఇంకేదో అనబోతుంటే నా ఫోన్ మోగింది. కొత్త నంబరు, కొత్త గొంతు. క్లాసు సంగతి ఎవరో చెప్పారట.

"సార్, శ్రీహరి సార్ మీకొక గొడుగు ఇచ్చిండట గద. గా లెక్క మాక్కూడ జర చెప్పరాదుండ్రి?"